ఏమీ పెట్టకపోయినా ఆడియో ఇంటర్‌ఫేస్ మీటర్ కదులుతోందా? అసలు కారణాన్ని ఇలా పట్టుకోండి

మైక్ తీసేశారు. కేబుల్ కూడా పీకేశారు. అయినా ఇంటర్‌ఫేస్ (మైక్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టె) మీద పచ్చ లైటు మిణుకుమంటూనే ఉంది, సాఫ్ట్‌వేర్‌లో మీటర్ −60 దగ్గర ఊగుతూనే ఉంది. ఇలా కనిపించగానే చాలామంది డ్రైవర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. అప్పటికీ తగ్గకపోతే కొత్త కేబుల్ కొంటారు. రెండూ తొందరపాటు పనులే. మీటర్ దానంతట అది తప్పు చూపించడం చాలా అరుదు. తన దగ్గరికి ఏ అంకె వస్తే ఆ అంకెనే చూపిస్తుంది. ఆ అంకె మీ గొంతు నుంచి వచ్చిందా, కరెంటు వైరు నుంచి వచ్చిందా, కంప్యూటర్‌లో నడుస్తున్న వీడియో నుంచి వచ్చిందా అన్నది దానికి తెలియదు. అది ఎక్కడ లోపలికి దూరిందో కనిపెట్టడమే మన పని.

మొదలుపెట్టే ముందు స్పీకర్ వాల్యూమ్ బాగా తగ్గించండి, హెడ్‌ఫోన్స్ చెవుల నుంచి తీసి పక్కన పెట్టండి. కింద చెప్పే పరీక్షల్లో కొన్ని ఒక్కసారిగా పెద్ద శబ్దం చేస్తాయి. ఒక కాగితం, పెన్ను కూడా దగ్గర పెట్టుకోండి. ఒకసారి ఒక్క మార్పే చేసి, మీటర్ ఎంత చూపించిందో రాసుకోండి. మూడు మార్పులు కలిపి చేస్తే సమస్య పోయినా దేనివల్ల పోయిందో తెలియదు, వారం తర్వాత అదే మళ్లీ వస్తుంది.

1. అది నిజంగా సమస్యేనా?

డిజిటల్ మీటర్‌లో సున్నా అన్నిటికంటే పైన ఉంటుంది, మిగతావన్నీ మైనస్ అంకెలే. 6 డీబీ (డెసిబెల్‌లు) తగ్గిన ప్రతిసారీ సిగ్నల్ దాదాపు సగమవుతుంది. ఆ లెక్కన −60 అంటే పూర్తి స్థాయిలో వెయ్యో వంతు, −100 అంటే లక్షో వంతు. −95 దగ్గర ఒక గీత కదులుతోందని టెన్షన్ పడక్కర్లేదు.

ఏ ఎలక్ట్రానిక్ పరికరమూ పూర్తిగా నిశ్శబ్దంగా ఉండదు. మామూలు గది వేడిలో 150 ఓమ్‌ల రెసిస్టర్ ఒక్కటే, వినికిడి పరిధి మొత్తం మీద దాదాపు 0.22 మైక్రోవోల్టుల శబ్దం పుట్టిస్తుంది. గెయిన్ (సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్) 60 డీబీ పెట్టారంటే దాన్ని వెయ్యి రెట్లు పెంచినట్టే. 24 బిట్ అంటే కాగితం మీద 144 డీబీ పరిధి ఉంటుంది గానీ, నిజమైన కన్వర్టర్లు (అనలాగ్ సిగ్నల్‌ను అంకెలుగా మార్చే భాగాలు) ఎక్కువగా 110 నుంచి 120 మధ్యలోనే ఆగిపోతాయి. కాబట్టి గెయిన్ పూర్తిగా తగ్గించినప్పుడు మీటర్ −95 కంటే కిందే ఉంటే, పూర్తిగా పెంచినప్పుడు −70 చుట్టుపక్కలకు వస్తే, మోడల్‌ను బట్టి అది దాని సహజ గుణం కావచ్చు.

ఇప్పుడు అన్నిటికంటే పనికొచ్చే పరీక్ష. మీటర్ చూస్తూ గెయిన్ నాబ్‌ను కింది నుంచి పై వరకు మెల్లగా తిప్పండి. నాబ్‌తో పాటు రీడింగ్ కూడా పెరుగుతూ తగ్గుతూ ఉంటే, శబ్దం ప్రీయాంప్‌లోకి (మైక్ సిగ్నల్‌ను పెంచే భాగంలోకి) రాకముందే, లేదా ప్రీయాంప్ మొదటి దశలోనే చేరుతోంది. నాబ్ ఎంత తిప్పినా రీడింగ్ కదలకపోతే అది ప్రీయాంప్ దాటాక వస్తోంది: కన్వర్టర్ నుంచో, డిజిటల్ ఇన్‌పుట్ నుంచో, సాఫ్ట్‌వేర్ రూటింగ్ నుంచో. ఈ ఒక్క ఫలితంతో వెతకాల్సిన చోటు సగానికి తగ్గిపోతుంది.

దీనికి పూర్తిగా విరుద్ధమైన సూచన కూడా ఒకటుంది. మైక్ పెట్టినా, గెయిన్ పెంచినా మీటర్ మైనస్ అనంతం దగ్గరే నిలిచిపోయి ఉంటే, అదేదో గొప్ప నిశ్శబ్దం అనుకోవద్దు. బతికున్న అనలాగ్ కన్వర్టర్ ఎప్పుడూ వరుసగా సున్నాలు పంపదు, ఎంతో కొంత నాయిస్ ఉండే తీరుతుంది. అన్నీ సున్నాలే వస్తున్నాయంటే సాఫ్ట్‌వేర్‌కు అసలు డేటాయే చేరడం లేదని అర్థం. కంప్యూటర్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు మైక్రోఫోన్ అనుమతి ఉందా, ఏదైనా నాయిస్ గేట్ (చిన్న శబ్దాలను ఆపేసే సదుపాయం) ఆన్‌లో ఉండి తలుపు మూసేసిందా అన్నది ముందు చూడండి.

2. కంప్యూటర్‌ను పక్కకు తప్పించండి

ఇంటర్‌ఫేస్ మీదున్న లైట్లు ఏం చెబుతున్నాయి, సాఫ్ట్‌వేర్ మీటర్ ఏం చెబుతోంది? ఈ రెండూ ఒకటే మాట చెప్పాలి. పరికరం మీద లైటు ఆరిపోయి ఉండి, సాఫ్ట్‌వేర్‌లో మాత్రం −20 దగ్గర గంతులేస్తుంటే అది బయటి నుంచి వచ్చింది కాదు. అయితే పరికరం మీదున్న లైట్లు చాలా వాటిలో ఒక స్థాయి దాటితేనే వెలుగుతాయి. చిన్న నాయిస్‌ను అవి చూపించవు, ఆ సంగతి గుర్తుంచుకోండి.

ఇలాంటి చోట ఎక్కువగా దొరికిపోయేది లూప్‌బ్యాక్. కంప్యూటర్‌లో మోగే శబ్దాన్నే మళ్లీ ఇన్‌పుట్‌గా ఇచ్చే సదుపాయం ఇప్పుడు చాలా ఇంటర్‌ఫేస్‌లలో ఉంది. లైవ్ స్ట్రీమింగ్ చేసేవాళ్లకు అది కావాలి, మిగతావాళ్లకు అది ఆన్‌లో ఉన్నట్టే తెలియదు. ఇంటర్‌ఫేస్ కంట్రోల్ ప్యానెల్ తెరిచి దాన్ని ఆఫ్ చేయండి. బ్రౌజర్‌లో ఒక వీడియో ఆపి, మళ్లీ నడిపి చూడండి. మీటర్ దాని తాళానికే ఆడుతుంటే దొంగ దొరికినట్టే.

విండోస్‌లో ఇంకో రెండు చోట్లు చూడాలి. రికార్డింగ్ పరికరం ప్రాపర్టీస్‌లో ‘లిజన్ టు దిస్ డివైస్’ అనే టిక్కు ఉంటుంది, అది తీసేయాలి. ‘స్టీరియో మిక్స్’ అనే పరికరం పొరపాటున ఇన్‌పుట్‌గా ఎంపికై ఉందేమో కూడా చూడాలి. వీడియో కాల్ యాప్‌లు మైక్ స్థాయిని వాటంతట అవే పెంచి తగ్గించే అలవాటు ఉన్నవి. అవి తెరిచి ఉంటే మీరు ఏమీ ముట్టుకోకపోయినా రీడింగ్ మారిపోతూ ఉంటుంది. వాటిని మినిమైజ్ చేస్తే చాలదు, పూర్తిగా మూసేయండి.

ట్రాక్ మీద ప్లగిన్లు (శబ్దాన్ని మార్చే అదనపు సాఫ్ట్‌వేర్) ఉంటే అన్నీ ఒకసారి బైపాస్ చేయండి. పాత అనలాగ్ పరికరాలను అనుకరించే ప్లగిన్లలో కొన్ని కావాలనే హమ్, టేప్ హిస్ కలుపుతాయి. ఖాళీ ట్రాక్‌లో కూడా అవి మీటర్‌ను కదిలిస్తాయి. సాధారణంగా వాటిలోనే నాయిస్ అనో అనలాగ్ అనో ఒక బటన్ ఉంటుంది, ఆఫ్ చేస్తే సరి.

ఛానల్ నంబర్లు కూడా సరిచూసుకోండి. మీరు ఇన్‌పుట్ 1 అనుకుంటున్నది సాఫ్ట్‌వేర్‌లో ఇన్‌పుట్ 3 కావచ్చు, అదే లూప్‌బ్యాక్ ఛానల్ కావచ్చు.

3. ఖాళీ సాకెట్‌ను నమ్మకండి

మీటర్ కదలిక అనలాగ్ వైపు నుంచే వస్తోందని తేలిందనుకుందాం. ఇక్కడ చాలామందికి అడ్డం తిరిగే విషయం ఒకటుంది: ఏమీ పెట్టని ఇన్‌పుట్ నిశ్శబ్దంగా ఉండదు. మైక్ పెట్టినప్పటి కంటే ఖాళీగా ఉన్నప్పుడే ప్రీయాంప్ ఎక్కువ నాయిస్ చూపించడం మామూలే. మైక్ ఉన్నప్పుడు ఇన్‌పుట్‌లోని రెండు సిగ్నల్ తీగల మధ్య 150 ఓమ్‌లో 200 ఓమ్‌లో ఉంటాయి. ఏమీ లేనప్పుడు ఇన్‌పుట్ గాల్లో తేలుతూ చుట్టూ ఉన్న విద్యుత్ క్షేత్రాలను యాంటెన్నాలా పట్టుకుంటుంది. ఎక్కువ ఇంపిడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) ఉండే గిటార్ ఇన్‌పుట్‌కు ఈ బలహీనత మరీ ఎక్కువ. ఒక చివర ఏమీ లేని కేబుల్‌ను అందులో పెట్టి వదిలేస్తే, చేయి దగ్గరికి తెచ్చినా మీటర్ ఎగురుతుంది.

అందుకే పరీక్షించేటప్పుడు ఇన్‌పుట్‌ను సరిగ్గా ముగించాలి, అంటే ఖాళీగా వదలకుండా రెసిస్టర్‌తోనో తీగతోనో మూయాలి. ఒక ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్ (మూడు పిన్నుల మైక్ ప్లగ్) తీసుకుని 2, 3 పిన్నుల మధ్య 150 ఓమ్ రెసిస్టర్ సోల్డర్ చేయండి. లైన్, గిటార్ ఇన్‌పుట్ల కోసం ఒక పావు అంగుళం జాక్‌లో కొనను, బాడీని తీగతో కలిపేయండి. ఇవి రెండూ ఇన్‌పుట్లకే. అవుట్‌పుట్‌లో పెట్టకూడదు. ఇవి పెట్టగానే మీటర్ కిందికి పడిపోతే మీ ఇంటర్‌ఫేస్ బాగానే ఉంది, ఖాళీ సాకెట్టే కారణం. వాడని ఛానళ్ల గెయిన్ తగ్గించి, మ్యూట్ చేసేస్తే చాలు.

ఇక ఫాంటమ్ పవర్, అంటే కొన్ని మైక్‌లకు కేబుల్ ద్వారానే ఇచ్చే కరెంటు సంగతి. 48 వోల్టులు ఆన్ చేయగానే, ఆఫ్ చేయగానే లోపలి కెపాసిటర్లు నిండడానికి, ఖాళీ అవడానికి కొంత సమయం పడుతుంది. ఆ కొన్ని సెకన్లు మీటర్ ఎగిరి మెల్లగా దిగుతుంది. అది లోపం కాదు, దిగేదాకా ఆగి అప్పుడు రీడింగ్ చూడండి. దిగకుండా చిటపటమని ఎగురుతూనే ఉంటే కేబుల్‌లో ఒక తీగ వదులైందనో, ప్లగ్‌లోకి తేమ చేరిందనో అనుమానించాలి. కేబుల్‌ను రెండు చివర్ల దగ్గర మెల్లగా వంచుతూ చూస్తే తెలిసిపోతుంది.

తప్పుగా ఎక్కువ చూపించడమే కాదు, తప్పుగా తక్కువ చూపించడం కూడా ఉంది. ఫోన్ హెడ్‌ఫోన్ అవుట్‌పుట్ నుంచి మూడు భాగాల స్టీరియో జాక్ తీసి నేరుగా ఒకే బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో పెట్టారనుకోండి. బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ కొనకూ రింగుకూ మధ్య తేడాను మాత్రమే తీసుకుంటుంది. ఎడమ, కుడి రెండింటిలోనూ ఒకేలా ఉన్నదంతా కొట్టుకుపోతుంది. పాట వస్తుంది, గాయని గొంతు మాత్రం మాయమవుతుంది. మోనో రికార్డింగ్ అయితే మీటర్ దాదాపు కదలదు. దీనికి మందు స్టీరియోను రెండు విడి మోనో జాక్‌లుగా చీల్చే కేబుల్. ఎడమది ఒక ఇన్‌పుట్‌కు, కుడిది ఇంకోదానికి.

4. శబ్దం పేరు దాని ఫ్రీక్వెన్సీలోనే ఉంటుంది

ఇన్‌పుట్ సరిగ్గా ముగించినా, లేదా మైక్ పెట్టినా అనవసరపు రీడింగ్ వస్తూనే ఉంటే, ఊహించడం ఆపి కొలవండి. అరనిమిషం పాటు ఆ ‘నిశ్శబ్దాన్ని’ రికార్డ్ చేయండి. ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దాన్ని తెరిచి, అనలైజ్ మెనూలో ‘ప్లాట్ స్పెక్ట్రమ్’ నొక్కండి. సైజ్ అనే చోట 65536 పెట్టండి. చిన్న సంఖ్య పెడితే కింది ఫ్రీక్వెన్సీలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనిపిస్తాయి. ఇప్పుడు గ్రాఫ్‌లో శిఖరాలు ఎక్కడున్నాయో చూడండి. నా దృష్టిలో ఈ మొత్తం పనిలో అన్నిటికంటే విలువైన అడుగు ఇదే, ఎందుకంటే ప్రతి మూలానికీ తనదైన ఫ్రీక్వెన్సీ ఉంటుంది.

50, 100, 150 హెర్ట్జ్ దగ్గర శిఖరాలుంటే అది కరెంటు సరఫరా నుంచి వచ్చినది. 60 హెర్ట్జ్ సరఫరా ఉన్న దేశాల్లో అవి 60, 120, 180 అవుతాయి. అందులోనూ తేడా గమనించండి. మొదటి శిఖరం ఒక్కటే పొడుగ్గా ఉండి మిగతావి పొట్టిగా ఉంటే దగ్గర్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న అడాప్టరో, పవర్ యాంప్లిఫయరో అయస్కాంత క్షేత్రం పంపిస్తోంది. ఒక అడుగు జరిపితే తగ్గిపోతుంది. ఒకే కాయిల్ పికప్ ఉన్న గిటార్ అయితే కూర్చున్న కుర్చీ కొంచెం తిప్పినా రీడింగ్ మారుతుంది. అలా కాకుండా వందల హెర్ట్జ్ దాకా దువ్వెన పళ్లలా వరుసగా శిఖరాలుంటే డిమ్మర్ లైటునో, ఎర్త్ లూప్‌నో (ఎర్త్ రెండు దారుల్లో కలవడాన్నో) అనుమానించండి.

1000 హెర్ట్జ్, 2000, 3000 ఇలా వరుసగా, లేదా 8000 హెర్ట్జ్ దగ్గర సన్నటి శిఖరం కనిపిస్తే అది యూఎస్‌బీ. ఫుల్ స్పీడ్ యూఎస్‌బీ ప్రతి మిల్లీసెకనుకూ ఒక ఫ్రేమ్ పంపుతుంది, అంటే సెకనుకు వెయ్యి. హై స్పీడ్ అయితే 125 మైక్రోసెకన్లకు ఒకటి, అంటే సెకనుకు ఎనిమిది వేలు. ఆ లయే కరెంటు తీగలోంచి అనలాగ్ భాగంలోకి కారి వినబడుతుంది. మౌస్ కదిపినప్పుడు, పేజీ పైకీ కిందికీ జరిపినప్పుడు రీడింగ్ మారితే అదీ ఈ కుటుంబానిదే.

217 హెర్ట్జ్, దాని గుణిజాలు కనిపిస్తే పక్కన 2జీ నెట్‌వర్క్ మీద ఉన్న మొబైల్ ఉందన్నమాట. ఫోన్ మోగేముందు స్పీకర్లలో వినిపించే ఆ టకటక శబ్దం ఇదే. ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి మళ్లీ రికార్డ్ చేయండి.

కంటికి కనిపించి చెవికి వినిపించని రీడింగ్ ఒకటుంది, అది చాలామందిని తిప్పలు పెడుతుంది. మీటర్ బాగా ఊగుతుంది, హెడ్‌ఫోన్స్‌లో మాత్రం ఏమీ ఉండదు. స్పెక్ట్రమ్‌లో చూస్తే 20 హెర్ట్జ్ కంటే కింద పెద్ద కొండ ఉంటుంది. ఫ్యాన్ గాలి మైక్‌కు తగలడం, టేబుల్ మీద చేయి ఆనించడం, బయట లారీ వెళ్లడం దీనికి మూలాలు. మన చెవి వాటిని వినదు, మీటర్ లెక్కేస్తుంది. మైక్ మీదో ఇంటర్‌ఫేస్‌లోనో లో కట్ స్విచ్ ఉంటే వేయండి. గొంతు రికార్డింగ్‌కు 80 హెర్ట్జ్ దగ్గర కోసినా నష్టం దాదాపు ఉండదు.

మీటర్ ఊగకుండా ఒకే చోట బిగుసుకుపోయి ఉంటే వేవ్‌ఫామ్‌ను బాగా పెద్దది చేసి చూడండి. గీత మధ్యలో కాకుండా కొంచెం పైనో కిందో నడుస్తుంటే అది డీసీ ఆఫ్‌సెట్. ఆడాసిటీలో నార్మలైజ్ ఎఫెక్ట్‌లోనే దాన్ని తీసేసే టిక్కు ఉంటుంది. అందులోనే ఉండే స్థాయి పెంచే టిక్కు తీసేసి, ఇది ఒక్కటే వాడండి.

ఏ శిఖరమూ లేకుండా అంతా సమంగా, జల్లు కురిసినట్టు ఉంటే అది మామూలు ప్రీయాంప్ హిస్. మూలం వెతకడానికి ఏమీ లేదు. మైక్‌ను నోటికి దగ్గరగా తెచ్చి గెయిన్ తగ్గించడమే దారి.

5. కరెంటు నుంచి వచ్చిన శబ్దాన్ని తగ్గించడం

ల్యాప్‌టాప్ అయితే ముందు ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి. రీడింగ్ ఒక్కసారిగా పడిపోతే కారణం తెలిసినట్టే. డెస్క్‌టాప్‌కు ఈ వెసులుబాటు లేదు కాబట్టి, ఇంటర్‌ఫేస్‌కు కలిపి ఉన్న స్పీకర్లు, మిక్సర్, కీబోర్డు ఒక్కొక్కటే తీస్తూ చూడాలి. ఏది తీసినప్పుడు శబ్దం ఆగిందో ఆ పరికరానికీ కంప్యూటర్‌కూ మధ్య ఎర్త్ రెండు దారుల్లో కలుస్తోంది, ఆ రెండు దారుల మధ్య చిన్న కరెంటు ప్రవహిస్తోంది. అన్నిటినీ ఒకే పవర్ స్ట్రిప్‌కు కలపడం, వీలైన చోటల్లా బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు వాడడం చాలావరకు సరిచేస్తాయి. అప్పటికీ ఉంటే ఆడియో కేబుల్ ఎర్త్‌ను మాత్రమే విడదీసే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉన్న డీఐ బాక్స్ (సిగ్నల్‌ను బ్యాలెన్స్‌డ్‌గా మార్చే పెట్టె), లేదా ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మధ్యలో పెట్టాలి.

ప్లగ్‌లోని ఎర్త్ పిన్ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీయొద్దు, టేపు చుట్టొద్దు. హమ్ పోవచ్చు, కానీ పరికరంలో ఎక్కడైనా లీకేజీ వచ్చిన రోజున ఆ కరెంటు మైక్ పట్టుకున్న మనిషిలోంచి వెళుతుంది. మైక్ పెదవులకు ఎంత దగ్గరగా ఉంటుందో ఆలోచించండి.

యూఎస్‌బీ శబ్దానికి మొదట వేరే పోర్టు ప్రయత్నించండి. యూఎస్‌బీ ఐసోలేటర్ కొనేముందు దాని వేగం చూసుకోండి. చవకగా దొరికేవాటిలో చాలా వాటికి 12 మెగాబిట్ల వేగమే ఉంటుంది. హై స్పీడ్ కోరే ఇంటర్‌ఫేస్ దాని మీద నడవదు.

6. డిజిటల్ ఇన్‌పుట్ తప్పుడు అంకెలు

గెయిన్ తిప్పినా కదలని రీడింగ్, టిక్కు టిక్కుమనే ఎగుళ్లు ఉంటే క్లాక్ (శాంపిళ్ల వేగాన్ని నడిపే లోపలి గడియారం) వైపు చూడండి. రెండు డిజిటల్ పరికరాలు కలిపినప్పుడు ఒక్కటే మాస్టర్‌గా ఉండాలి, రెండోది దాని క్లాక్‌ను అనుసరించాలి. రెండూ ఇంటర్నల్‌లో ఉంటే వాటి క్రిస్టళ్ల మధ్య పది లక్షల్లో 20 భాగాల తేడా ఉన్నా, 48 కిలోహెర్ట్జ్ దగ్గర సెకనుకు దాదాపు ఒక శాంపిల్ జారిపోతుంది. జారిన ప్రతిసారీ ఒక టిక్కు, మీటర్ మీద ఒక ఎగురు. అనుసరించే పరికరంలో క్లాక్ సోర్స్‌ను ఎస్‌పీడిఫ్ లేదా అడాట్ (డిజిటల్ ఆడియో పంపే రెండు పద్ధతులు) అని మార్చి, లాక్ లైటు స్థిరంగా వెలుగుతోందో లేదో చూడండి. రెండు చోట్లా శాంపిల్ రేటు ఒకటే ఉండాలి. 44.1, 48 తారుమారైతే శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమిటోన్ మారిపోతుంది.

ఆప్టికల్ సాకెట్ ఒకటే అయినా దానిలోంచి ఎస్‌పీడిఫ్ రావచ్చు, అడాట్ రావచ్చు. పంపేది ఒకటి, తీసుకునేది ఇంకొకటి అయితే లాక్ అవదు. అడాట్‌లో 48 కిలోహెర్ట్జ్ వరకు 8 ఛానళ్లు, 96 దగ్గర 4 మాత్రమే. రేటు పెంచగానే సగం ఛానళ్లు మాయమైతే అది లోపం కాదు. ఎస్‌పీడిఫ్ కోయాక్సియల్‌కు 75 ఓమ్‌ల కేబుల్ వాడాలి. పొట్టి దూరానికి మామూలు ఆడియో కేబుల్ పనిచేసినట్టే అనిపిస్తుంది, దూరం పెరిగే కొద్దీ లాక్ జారడం మొదలవుతుంది.

టీవీ నుంచో ప్లేయర్ నుంచో ఆప్టికల్ తీసుకుంటే మీటర్ సున్నా దగ్గర నిలిచిపోయి, హోరుమనే శబ్దం వస్తోందా? అటువైపు డాల్బీ లేదా డీటీఎస్ కుదింపు డేటా పంపుతోంది, ఇంటర్‌ఫేస్ దాన్ని మామూలు ఆడియో అనుకుని చదువుతోంది. పంపే పరికరంలో అవుట్‌పుట్‌ను పీసీఎంకు (కుదించని ఆడియోకు) మార్చండి. ఈ శబ్దం చెవులకు, స్పీకర్లకు నిజంగా ప్రమాదం, కాబట్టి సెట్టింగ్ మార్చాకే వాల్యూమ్ పెంచండి.

7. ఎర్ర లైటు, మీటర్ ఒప్పుకోనప్పుడు

ఇంటర్‌ఫేస్ మీద ఎర్ర లైటు వెలుగుతోంది, సాఫ్ట్‌వేర్‌లో మాత్రం −10 అంటోంది. ఎక్కువసార్లు ఆ సాఫ్ట్‌వేర్ మీటర్ ఫేడర్ (ట్రాక్ వాల్యూమ్ మీట) తర్వాతి స్థాయిని చూపిస్తుంటుంది. ఫేడర్ తగ్గించారు కాబట్టి అంకె తగ్గింది, కానీ లోపల తల తెగిన (క్లిప్ అయిన) వేవ్ తెగినట్టే ఉంది. మీటర్‌ను ప్రీ ఫేడర్‌కు మార్చి చూడండి. కీబోర్డు లేదా మిక్సర్ లైన్ అవుట్‌పుట్‌ను పొరపాటున ‘ఇన్‌స్ట్’ (గిటార్ లాంటి వాయిద్యాల) మోడ్‌లో ఉన్న ఇన్‌పుట్‌కు ఇచ్చినా గెయిన్ సున్నాలో ఉండగానే ఎర్రబడుతుంది. లైన్ మోడ్‌కు మారిస్తే సరిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఎర్ర గుర్తు ఒకసారి పడితే మీరు నొక్కి చెరిపేదాకా అలాగే ఉంటుంది, దాన్ని కొత్త క్లిప్ అనుకోవద్దు.

8. పరికరంలోనే లోపమని ఎప్పుడు నమ్మాలి

ముందు తయారు చేసుకున్న 150 ఓమ్ ప్లగ్‌ను ఇన్‌పుట్ 1లో పెట్టి, గెయిన్ ఒక స్థాయిలో ఉంచి రీడింగ్ రాసుకోండి. అదే ప్లగ్, అదే గెయిన్ స్థాయితో ఇన్‌పుట్ 2లో చూడండి. ఒకే రకం ఛానళ్లు రెండు మూడు డీబీల తేడాలో ఉండడం మామూలు. ఒక ఛానల్ మాత్రమే 20 డీబీ ఎక్కువ చూపిస్తూ, వేరే కంప్యూటర్‌కు, వేరే యూఎస్‌బీ కేబుల్‌తో కలిపినా అదే తేడా వస్తే అప్పుడు ఆ ఛానల్ ప్రీయాంప్‌లో లోపముందని నమ్మొచ్చు. గెయిన్ నాబ్ తిప్పుతున్నప్పుడు మాత్రమే గరగరమంటూ మీటర్ ఎగిరితే నాబ్ కింద దుమ్ము చేరింది. పవర్ తీసేసి దాన్ని ఆ చివర నుంచి ఈ చివరకు చాలాసార్లు తిప్పితే కొన్నిసార్లు అదే శుభ్రమవుతుంది.

సర్వీసుకు పంపాల్సి వస్తే మీ కాగితం మీదున్న రీడింగులు, ఆ అరనిమిషం రికార్డింగ్, స్పెక్ట్రమ్ స్క్రీన్‌షాట్ కూడా పంపండి. ఏ ఇన్‌పుట్, ఏ గెయిన్, ఏ శాంపిల్ రేటు, ఫాంటమ్ ఆన్‌లో ఉందా లేదా అన్నది కూడా రాయండి. ఊరికే ‘నాయిస్ వస్తోంది’ అని రాసి పంపితే, వాళ్ల బల్ల మీద ఎర్తింగ్ బాగుండి ఏమీ కనిపించక పరికరం అలాగే తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ.